జాకీ పెట్టిన చోటు

ఫిబ్రవరి 9

కంచె ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు. మొదటి పేజీ అంతా మర్యాద, రెండో పేజీలో అసలు సంగతి. ఏప్రిల్ ఇరవై నాలుగున ఆనెట్ కీవర్ అనే తనిఖీ అధికారి వస్తుందట. అప్పటికి మా పికప్‌కి రెండు వైపులా, తలుపుల కింద, బండి బరువు మోయగల పక్క కమ్ములు ఉండాలట. మా ఆయన వెర్న్ ఆమె కళ్ళ ముందు, ఇసుకలో, ఎవరి సాయమూ లేకుండా చక్రం మార్చి చూపించాలట. చేతకాకపోతే మా వంతు కంచె, నూట పది కిలోమీటర్లూ, పక్క వంతు చూసే డడ్లీ పెంగెల్లీకి పోతుంది.

డింగోలు, ఆ అడవి కుక్కలు, గొర్రెల మీద పడకుండా ఆ కంచెను ఇరవై రెండేళ్ళుగా మేమిద్దరం కాస్తున్నాం. ఏ ఒంటె ఎక్కడ తన్ని తీగ తెంపుతుందో, వాన పడితే ఇసుక ఎక్కడ కోసుకుపోతుందో మాకు తెలిసినట్టు ఆఫీసులో ఏసీ కింద కూర్చున్నవాళ్ళకు తెలుసా? మాకు పరీక్ష పెడతారట!

ఉత్తరం చివర ఒక వాక్యం: "గత జులైలో జరిగిన ప్రమాదానికి కారణం వెర్న్ షిర్మర్ జాకీని తప్పు చోట పెట్టడం."

వెర్న్ దాన్ని పైకి చదివాడు. మడిచి ఉప్పు డబ్బా కింద పెట్టాడు.

"నిజమేగా గ్లెన్. బ్రాకెట్ దగ్గర పెట్టాల్సింది. చివర్న పెట్టాను" అన్నాడు.

నేను పొయ్యి వైపు తిరిగాను. మాంసం ముక్కలు మాడుతున్నాయి.

ఫిబ్రవరి 10

ఇవ్వను. ఆ కంచెను ఎవడికీ ఇవ్వను.

ఫిబ్రవరి 13

డడ్లీ వచ్చాడు. వెర్న్ ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచి మా వంతు కూడా వాడే చూస్తున్నాడు. ఆ మాట రోజుకు నాలుగుసార్లు గుర్తు చేస్తాడు.

"ఎలా ఉన్నాడమ్మా మన ఒంటికాలి దొర?" అన్నాడు గుమ్మంలోంచే.

"రెండున్నాయి రా. ఒకటి ఫ్యాక్టరీది, అంతే" అన్నాడు వెర్న్, ప్యాంటు పైకి లాగి చూపిస్తూ.

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. డడ్లీకి ఆగడం తెలియదు.

"కాదుగానీ వెర్నూ, నాకొకటి అర్థం కాదు. ఇసుకలో ముందు చక్రం పంక్చరైంది. పొడుగు జాకీ తీశావు. బాగానే ఉంది. పక్క గొట్టం చివర్న పెడతాడటయ్యా ఎవడైనా? అది వంగి బండి బండంతా కాలి మీద కూర్చోకపోతే ఇంకేం చేస్తుంది? మా మనవరాలికి ఆరేళ్ళు, దానికి తెలుసు జాకీ ఎక్కడ పెట్టాలో!"

వెర్న్ నవ్వు మానేశాడు. "అవును. చివర్న పెట్టాను" అన్నాడు.

డడ్లీ చేతిలో సగం తాగిన టీ కప్పు లాక్కుని సింకులో పారబోశాను.

"ఇంకా వేడిగా ఉందే!" అన్నాడు వాడు.

"నీకు చాలు. పో" అన్నాను.

వాడు టోపీ పెట్టుకుని పోయాడు. ఒకందుకు నాకు హాయిగా ఉంది. ఇంకొకందుకు లేదు, ఆ ఇంకొకటి ఏమిటో ఇక్కడ రాయాల్సిన పని లేదు.

ఫిబ్రవరి 19

పోర్ట్ అగస్టా వెళ్ళాను, ఒక్కదాన్నే. నాలుగు గంటల దారి. వెర్న్ వస్తానంటే వద్దన్నాను. ఎండకు కాలి తొడుగు లోపల ఒరుసుకుంటుందని చెప్పాను. అది నిజమే.

మూడు దుకాణాలు తిరిగాను. కమ్ములు ఎన్ని రకాలో! వెండిలా మెరిసేవి, నల్లరంగు పూసినవి, దీపాలున్నవి. బండిని సినిమాకు తయారు చేస్తున్నట్టుంది. మొదటి దుకాణంలో ఉన్నవి తలుపు కింది రేకుకే బోల్టులతో బిగిస్తారట. రాయి తగిలితే కమ్మితో పాటు రేకు కూడా లోపలికి పోతుంది, తలుపు తెరుచుకోదు. అవి వద్దన్నాను. రెండో దుకాణంలోవి మరీ కిందికి వేలాడుతున్నాయి. మా కంచె దారిలో అడుగుకొక మల్గా చెట్టు మొద్దు. మొదటి రోజే ఊడిపడతాయి. అవీ వద్దన్నాను.

మూడో దుకాణంలో అమ్మే మనిషికి ఓపిక ఎక్కువ.

"మీకేం కావాలో చెప్పండి మేడమ్, నేను చూపిస్తా" అన్నాడు.

"వీటి మీద జాకీ పెట్టొచ్చా?"

వాడు డబ్బా తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని వెనకాల చిన్న అక్షరాలు చదివాడు. "ఎక్కడానికి, దిగడానికి మాత్రమే. బండిని లేపడానికి వాడరాదు. చాలామంది చదవరండీ. చూడ్డానికి ఉక్కు గొట్టంలాగే ఉంటుంది, లోపల అల్యూమినియం."

డబ్బా అక్కడే వదిలేసి బయటికొచ్చాను. బండిలో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు. ఎండ మండిపోతోంది.

అన్ని డబ్బాల మీదా రాసి ఉంటుందన్నమాట.

ఫిబ్రవరి 20

ఏమీ దొరకలేదని వెర్న్‌తో చెప్పాను.

ఫిబ్రవరి 27

బండికి అప్పుడున్న పాత మెట్లు షెడ్డు వెనక ఉన్నాయి. మరమ్మతు చేసినవాళ్ళు వంగిపోయిన వాటిని తీసి తాడుతో కట్టి బండి వెనక పడేసి పంపారు. ఈ రోజు వాటిని తీసుకెళ్ళి ఊరి చెత్త గుంటలో పారేశాను. తుక్కు. అంతకన్నా ఏమీ లేదు. తుక్కు ఇంటి దగ్గర ఎవరు పెట్టుకుంటారు?

ఒక్క చేత్తో ఎత్తగలిగాను. అంత తేలిగ్గా ఉన్నాయి.

మార్చి 8

వెర్న్ వారం రోజులుగా సాధన చేస్తున్నాడు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. మా బండి ఆటోమేటిక్, నడపడానికి కుడి కాలు చాలు. ఎక్కడమే కష్టం. పాత రైలు దుంగలు రెండు పేర్చుకుని, వాటి మీద కూర్చుని, వెనక్కి జరిగి, కాళ్ళు లోపలికి తిప్పుకుంటాడు. పదిసార్లు ఎక్కాడు, పదిసార్లు దిగాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"కమ్మి తలుపు అంచుకి సమానంగా ఉంటే దాని మీద కూర్చుని ఎక్కేస్తా. కిందికి వేలాడే మెట్టు మాత్రం నాకొద్దు. నాకోసమని కిందికి దించావంటే ఊరుకోను" అన్నాడు.

"నేనెక్కడ దించాను?"

"ఊరికే అన్నాను గ్లెన్. దేనికంత కోపం?"

నాకు కోపం రాలేదు. నా ఎడమ మోకాలు నొప్పి పెడుతోంది, అంతే. రెండేళ్ళుగా పెడుతోంది. ఎవరితోనూ అనలేదు.

మార్చి 15

ఇంకో రెండు రకాలు వద్దన్నాను. ఒకటి బరువెక్కువ. ఇంకొకటి నచ్చలేదు.

వెర్న్ నవ్వుతున్నాడు. "కమ్ములు చూస్తున్నావా, పెళ్ళికొడుకుని చూస్తున్నావా? ఆ బోర్టోలుసీ దగ్గరికే వెళ్ళొచ్చుగా? పోయినసారీ అతనే కదా చేసింది. అతని పని బాగానే ఉంది, తప్పు నాది."

క్వోర్న్‌లో వెల్డింగు చేసే బోర్టోలుసీ ఇప్పుడు పని చేయడం లేదని చెప్పాను.

ఎందుకలా చెప్పానో నాకు తెలుసు.

మార్చి 16

సరే. రాస్తాను. ఈ పుస్తకం నాది, ఇందులో కూడా నటిస్తే ఇక నేనెక్కడ ఉన్నట్టు?

రెండేళ్ళ క్రితం వెర్న్ నన్ను బోర్టోలుసీ దగ్గరికి పంపాడు. ఛాసిస్‌కు బిగించే ఉక్కు కమ్ములు చేయించమన్నాడు. బోర్టోలుసీ చేతిలో వేరే పనులున్నాయి, రెండు నెలలు పడుతుందన్నాడు. ఉక్కు కమ్మి పైన ఉంటుంది, ఎక్కడానికి పనికిరాదు అని కూడా చెప్పాడు. నా మోకాలు అప్పటికే సలుపుతోంది. రోజుకు యాభైసార్లు ఆ బండి ఎక్కి దిగాలి. ముసలిదాన్నవుతున్నానని మొగుడితో చెప్పి మెట్టు పెట్టించమని అడగడం నా వల్ల కాలేదు. బోర్టోలుసీకి వద్దని చెప్పి, దుకాణంలో వెడల్పాటి నల్ల గొట్టాల మెట్లు చూసి ఆ పూటే బిగించేయమన్నాను. డబ్బా కూడా చూడలేదు.

ఇంటికి వచ్చాక వెర్న్ బండి చుట్టూ తిరిగి, "ఇవేనా? కాస్త కిందికున్నాయే" అన్నాడు.

"నువ్వు చెప్పినవే" అన్నాను.

అంతే. ఒక్క మాట. ఆ మాట నమ్మి దాని మీద జాకీ పెట్టాడు.

మార్చి 17

చెప్పను. చెప్తే ఏమొస్తుంది? కాలు తిరిగి వస్తుందా?

మార్చి 23

బోర్టోలుసీ దగ్గరికి వెళ్ళాను. వేరే దారి లేదు. ఉన్నవాళ్ళలో అతనొక్కడే బండి బరువు మోసే కమ్మి చేస్తాడు.

డెబ్భై ఏళ్ళుంటాయి. వెల్డింగు ముసుగు పైకెత్తి నన్ను గుర్తుపట్టాడు. "షిర్మర్ భార్యవి కదూ? అప్పుడు వద్దని పోయావు."

"ఇప్పుడు కావాలి."

బండి కింద దూరి, టార్చి వేసి అరగంట చూశాడు. తర్వాత నేల మీద సుద్దతో గీసి చూపించాడు. ఒక్కో వైపు మూడు బ్రాకెట్లు, అన్నీ ఛాసిస్‌కే. డ్రైవరు గదికి ఒక్క బోల్టు కూడా తగలకూడదు. గది రబ్బరు దిమ్మెల మీద ఊగుతుంది, ఛాసిస్ మెలి తిరుగుతుంది, రెండింటికీ కలిపి బిగిస్తే ఏదో ఒకటి పగులుతుంది. కమ్మి తలుపు అంచుకి సమానంగా ఉంటుంది, కొద్దిగా బయటికి, పైకి వంపుతో. మొద్దుకు రాసుకున్నా రేకు తగలదు. బండిని ఎత్తే జాకీ నాలుక జారిపోకుండా బ్రాకెట్ల దగ్గర అడుగున చిన్న గాడి.

"ఏ చోట పెట్టినా ఆగుతుందా? చివర్న పెట్టినా?" అని అడిగాను.

"చివర్న పెడితే కాస్త కిర్రుమంటుంది. ఆగుతుంది." నా వంక చూశాడు. "అప్పుడు నేను చేసి ఉంటే అవీ ఆగేవి."

నేను గోడ వైపు చూశాను.

"మీ ఆయనకి తెలుసా అమ్మా?"

"మీరు కమ్ములు చేయండి" అన్నాను.

"కమ్ములు చేస్తాను. మిగతాది నేను చేసే పని కాదు" అని ముసుగు దించేశాడు.

ఏప్రిల్ 11

బిగించారు. ఎత్తులో, వంపులో వంక పెట్టడానికేమీ లేదు. పాత మెట్లు నాకు ఎక్కడానికి సుఖంగా ఉండేవి. వీటి మీదికి మోకాలు లేపాలంటే ప్రాణం పోతోంది. పోనీ, పోతే పోనీ.

వెర్న్ ఆ కమ్మిని అరచేత్తో నిమిరాడు. "బోర్టోలుసీ మళ్ళీ మొదలుపెట్టాడా పని?" అన్నాడు.

"ఆఁ" అన్నాను.

ఏప్రిల్ 18

చక్రం మార్చడం సాధన చేద్దామని చెప్పి మూడు రోజులైంది. వెర్న్ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటున్నాడు. ఇవాళ గట్టిగా అడిగితే జాకీ తీశాడు. కమ్మి కింద పెట్టాడు. తీశాడు. ఒక జానెడు ముందుకు పెట్టాడు. తీశాడు. ఎక్కడా నిలపలేకపోతున్నాడు. ఇరవై రెండేళ్ళలో వెర్న్ ఇలా తడబడటం నేను చూడలేదు. ఒంటె పిల్లను కంచెలోంచి విడిపించినప్పుడు కూడా తడబడలేదు.

"ఎక్కడ పెట్టాలో నాకు తెలుసనుకున్నా గ్లెన్. అప్పుడూ తెలుసనే అనుకున్నా. ఇప్పుడెలా నమ్మను?"

"బాగానే చేస్తావులే" అన్నాను.

నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

ఏప్రిల్ 23

రేపు. చూద్దాం ఎవరొస్తారో. మా కంచె మీదికి వచ్చి మమ్మల్ని దింపగలిగినవాళ్ళు ఇంకా పుట్టలేదు.

వెర్న్ భోజనం చేయలేదు.

ఏప్రిల్ 24

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆనెట్ కీవర్ తొమ్మిదింటికి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. మర్యాదగానే ఉంది. డడ్లీ కూడా వచ్చాడు. వాడిని ఎవరూ పిలవలేదు. రెండో గేటు దగ్గర ఇసుకలో బండి నిలిపాం. ఆమె కమ్ముల కింద దూరి చూసి, బోర్టోలుసీ ఇచ్చిన కాగితం చదివి, తల ఊపింది. వెర్న్ ఎక్కడం, దిగడం చూసి ఇంకోసారి ఊపింది.

"ఇక చక్రం మార్చండి. తొందరేమీ లేదు."

వెర్న్ జాకీ కింద పలక వేశాడు. జాకీ నిలబెట్టాడు. నాలుకను గాడి దాకా తెచ్చి ఆపాడు. తీశాడు. మధ్య బ్రాకెట్ దగ్గరికి జరిగాడు. అక్కడా పెట్టి తీశాడు. మళ్ళీ ముందుకు వచ్చాడు. కొత్త కాలు ఇసుకలో దిగబడుతోంది, చెమట గడ్డం మీదుగా కారుతోంది. నేను లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు.

"ఇంకా వెతుకుతున్నాడు" అన్నాడు డడ్లీ మెల్లగా. మెల్లగా అన్నా అందరికీ వినబడింది.

ఆనెట్ కలం తీసింది.

వెర్న్ జాకీ వదిలేసి నిలబడ్డాడు. "సారీ మేడమ్. నా వల్ల కాదనుకుంటా. పోయినసారి..."

"పోయినసారి నువ్వు సరైన చోటే పెట్టావు" అన్నాను.

 అందరూ నా వైపు తిరిగారు.

"అవి ఉక్కువి కావు వెర్న్. బోర్టోలుసీ చేసినవి కావు. దుకాణంలో కొన్న అల్యూమినియం మెట్లు. నా మోకాలు నొప్పని కొన్నాను. జాకీ పెట్టకూడదని డబ్బా మీద రాసి ఉంది, నేను చదవలేదు. నువ్వు అడిగితే నువ్వు చెప్పినవేనన్నాను. ఎక్కడ పెట్టినా వంగిపోయేవి. నీ తప్పు లేదు. ఇసుమంత కూడా లేదు."

గాలి కూడా లేదు. కంచె తీగ మీద ఈగలు మాత్రం తిరుగుతున్నాయి. డడ్లీ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. అది నేను మొదటిసారి చూడటం.

వెర్న్ నన్ను చూశాడు. "తొమ్మిది నెలలు" అన్నాడు.

"అవును."

"ఆసుపత్రిలో పక్కనే కూర్చున్నావు. చివర్న పెట్టాను, చివర్న పెట్టానని నేను ఏడుస్తుంటే నా తల నిమిరావు."

"నిమిరాను."

వెర్న్ వంగి జాకీ అందుకున్నాడు. నేరుగా తీసుకెళ్ళి ముందు బ్రాకెట్ గాడిలో పెట్టి, పిడి పట్టుకుని లేపడం మొదలుపెట్టాడు.  కమ్మి కిక్కురుమనలేదు. పద్నాలుగు నిమిషాల్లో చక్రం మార్చేసి, పాతది వెనక వేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఆనెట్ ముందు నిలబడ్డాడు. ఆ పద్నాలుగు నిమిషాల్లో ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

ఆనెట్ నన్ను పక్కకు పిలిచింది. "ఇది మీరు రాతపూర్వకంగా ఇస్తే రిపోర్టు మారుతుంది. ఆయన పేరు మీద తప్పు పోతుంది. కానీ అది మీ పేరు మీదికి వస్తుంది. ఏడాది పాటు మీరు ఒంటరిగా బండి తీయడానికి వీల్లేదు. ఆలోచించుకోండి."

"కాగితం ఇవ్వండి" అన్నాను.

బండి బానెట్ మీద పెట్టి రాశాను. అది కాలుతోంది. అయినా చేయి తీయలేదు. సంతకం పెద్దగా పెట్టాను. ఎవరికీ అనుమానం ఉండకూడదు.

కంచె మాకే ఉంది. గెలిచాం. ఇంటికి వచ్చే దారంతా వెర్నే నడిపాడు. 

ఏప్రిల్ 25

వెర్న్ తన పడక షెడ్డులోకి మార్చుకున్నాడు.

ఏప్రిల్ 26

అన్నం పెడితే తిన్నాడు. ప్లేటు కడిగి పెట్టాడు. నేను ఏడవలేదు. ఏడ్చే హక్కు నాది కాదు.

ఏప్రిల్ 28

డడ్లీ వచ్చాడు. గుమ్మం దాటలేదు. మా వంతు గేట్ల తాళాలు ఇచ్చి, "వెర్న్‌కి చెప్పు, నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని" అన్నాడు.

"నువ్వే చెప్పు, నోరుందిగా."

"నోరుంది గానీ, నీ మొహం చూస్తే దానికి వాగాలనిపించట్లేదే ఇవాళ" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఏప్రిల్‌లో అది మొదటిసారి.

మే 1

ప్రమాదం తర్వాత కంచె వెంట మా మొదటి తిరుగుడు ఇవాళ. తెల్లవారుతుండగా నీళ్ళ డబ్బాలు, తీగ చుట్టలు, రొట్టె, టీ సర్దుకుని బయటికి వచ్చాను. వెర్న్ బండి కింద ఉన్నాడు. కొత్త కాలు ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

పక్కన కూర్చున్నాను. స్పానరు చప్పుడు. ఒక్కో బోల్టూ బిగించి చూస్తున్నాడు. ఒక వైపు పూర్తయ్యాక దేక్కుంటూ రెండో వైపుకు వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. చెయ్యి బయటికి చాపితే పెద్ద స్పానరు అందులో పెట్టాను. తీసుకున్నాడు.

"నిన్న బోర్టోలుసీకి ఫోన్ చేశాను" అన్నాడు కింది నుంచి. వారం తర్వాత మొదటి మాట. "ఇవి ఏ లోహం, ఎంత మందం, ఎంత బరువు మోస్తాయి, అన్నీ అడిగాను."

"మంచి పని చేశావు."

"ఇక నుంచి అన్నీ నేనే అడుగుతాను. నువ్వు చెప్పావని ఏదీ నమ్మను."

"నమ్మకు."

"టీ డబ్బాలో టీ ఉందన్నా మూత తీసి చూస్తాను."

"చూడు."

బయటికి వచ్చి లేచి నిలబడ్డాడు. వీపంతా ఎర్రమట్టి. దులపబోతే పక్కకు జరిగాడు. ఆ జరగడం నాకు గుండెల్లో గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే.

కమ్మి మీద కూర్చుని, కాళ్ళు లోపలికి తిప్పుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను ఇటు వైపు వచ్చి తలుపు తీసి కమ్మి మీద కాలు పెట్టాను. మోకాలు లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. అప్పుడు మొదటిసారి పైకి అన్నాను: "నాకు మోకాలు నొప్పి వెర్న్. ఎక్కలేకపోతున్నాను."

అతను ముందుకే చూస్తున్నాడు. ఇంజను తిరుగుతోంది. తర్వాత సీటు మీదుగా వంగి చెయ్యి చాపాడు. మొహం మాత్రం అటే ఉంది.

పట్టుకుని ఎక్కాను. నేను కూర్చోగానే చెయ్యి లాక్కున్నాడు.

లాక్కోనీ. నా మాట విలువ నేనే పోగొట్టుకున్నాను, నేనే సంపాదించుకుంటాను. ఎన్నేళ్ళయినా సరే, నేనెక్కడికీ పోను. కంచె నూట పది కిలోమీటర్లుంది, రెండు వారాలకొకసారి తిరగాలి, ఈ బండిలో సీట్లు రెండే.

మధ్యాహ్నం మూడు. ముప్ఫై ఏడో కిలోమీటరు దగ్గర ఆగాం. తీగ ఒక చోట తెగింది. అతను కడుతున్నాడు. పటకారు ఇమ్మని చెయ్యి చాపుతున్నాడు, ఇక వెళ్ళాలి.